ఆ ఫ్యాన్ ఆపకండి: తక్కువ ధర నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లను చూసి కొనడం ఎలా

(గ్రంథాలయం రీడింగ్ రూములో పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవారి కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. వక్త కోఠిలో చాలా ఏళ్ళుగా ఆడియో పరికరాలు రిపేరు చేస్తున్నారు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. మైకు వద్దన్నది నేనే. బాబూ, ఆ ఫ్యాన్ ఆపకు. ఉండనీ. చప్పుడు చేస్తోంది, సార్‌కి ఇబ్బంది అని ఆపబోతున్నావు, నాకు తెలుసు. ఇవాళ నాకు ఆ చప్పుడుతోనే పని. ఈ గదిలో ఉన్న ఆరు ఫ్యాన్లలో అన్నిటికంటే మంచి ఫ్యాన్ అదే.

నేను ఇంజనీర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా. గుజరాతీ గల్లీ పక్కన చిన్న కొట్టు నాది. టేప్ రికార్డర్లతో మొదలుపెట్టాను, తర్వాత వాక్‌మన్లు, సీడీ ప్లేయర్లు. ఇప్పుడు బల్ల నిండా హెడ్‌ఫోన్లే. లైబ్రేరియన్ గారు మొన్న వచ్చి, "మా పిల్లలందరూ నాయిస్ క్యాన్సిలింగ్, నాయిస్ క్యాన్సిలింగ్ అంటున్నారు, మెస్ బిల్లు ఆపుకుని మరీ కొంటున్నారు, ఒకసారి వచ్చి చెప్పండి" అన్నారు. అందుకే వచ్చాను.

ఒక్క మాట మాత్రం అడగొద్దు. "ఏది కొనాలి?" అని అడగొద్దు. రెండు వేల రూపాయల సరుకులో ఈ నెల మంచిదన్న మోడల్ వచ్చే నెలకి కనపడదు. కనపడినా, పేరు అదే ఉండి లోపలి సరుకు మారిపోయి ఉంటుంది. నేను విప్పి చూస్తాను కాబట్టి చెప్తున్నా. అందుకని పేర్లు చెప్పను. చేతిలోకి వచ్చినదాన్ని ఎలా చూడాలో చెప్తాను.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీకు ఏ చప్పుడు పోవాలి? ఊరికే చప్పుడు అనకండి. ఏ చప్పుడు? నువ్వు చెప్పు బాబూ. ఫ్యాన్? సరే. నువ్వమ్మా? కింద టీ కొట్టు దగ్గర మాటలు. సరే. అక్కడ? రూమ్మేట్ ఫోన్లో మాట్లాడటం! ఆ నవ్వు చూస్తే ఆ రూమ్మేట్ కూడా ఇక్కడే ఉన్నట్టున్నాడు. ఇంకా? కుక్కలు. బోరు మోటారు. మెట్రోలో చప్పుడు. పెళ్ళి బరాత్. చూశారా, ఏడుగురిని అడిగితే ఏడు చప్పుళ్ళు. ఈ ఏడింటిలో నాయిస్ క్యాన్సిలింగ్, అంటే బయటి చప్పుడు తగ్గించే ఆ పరికరం, బాగా తగ్గించగలిగినవి మూడే మూడు. ఫ్యాన్, బోరు మోటారు, మెట్రో. మిగతా నాలుగూ దాని వల్ల అంతగా కాదు. ఈ ముక్క ఏ డబ్బా మీదా రాయరు.

మొన్న వేసవిలో ఒక అబ్బాయి నా కొట్టుకి వచ్చాడు. మీలాగే చదువుకుంటున్నవాడు, అమీర్‌పేటలో హాస్టల్. హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి, "అంకుల్, ఇది ఉల్టా పనిచేస్తోంది" అన్నాడు. ఉల్టా అంటే? "ఇది పెట్టుకోకముందు రూమ్మేట్స్ మాటలు సగమే వినపడేవి. పెట్టుకుని ఆన్ చేస్తే ప్రతి మాటా వినపడుతోంది" అన్నాడు. నేను పెట్టుకుని చూశాను. పరికరం భేషుగ్గా ఉంది. ఏం జరిగిందో చెప్పండి? వాళ్ళ గదిలో కూలర్ ఉంది. వేసవి కదా, రాత్రంతా గుయ్యిమంటూ తిరుగుతుంది. ఆ గుయ్యిమనే మోత ఇన్నాళ్ళూ రూమ్మేట్ల మాటల మీద దుప్పటి కప్పి ఉంచింది. ఈ పరికరం వచ్చి ఆ దుప్పటి లాగేసింది. ఇంకేముంది, మాటలన్నీ బయటపడ్డాయి! పరికరం తన పని తాను చేసింది. ఆ అబ్బాయికి కావలసిన పని అది కాదు, అంతే.

ఎందుకలా అంటే, కొంచెం లోపలికి వెళ్ళాలి. భయపడకండి, ఫిజిక్స్ క్లాసు పెట్టను. ఉయ్యాల ఊహించుకోండి. వేపచెట్టుకి కట్టిన పెద్ద ఉయ్యాల. మనిషి ఊగుతున్నాడు, నెమ్మదిగా వస్తోంది, పోతోంది. దాన్ని ఆపాలంటే ఏం చేస్తారు? మీ వైపు వచ్చేటప్పుడు ఎదురు తోస్తారు. వచ్చే బలం ఎంతో అంతే బలంతో ఎదురు తోస్తే ఉయ్యాల నిలబడిపోతుంది. ఇదే నాయిస్ క్యాన్సిలేషన్. బయట చిన్న మైకు ఉంటుంది, అది చప్పుడు వింటుంది, లోపలి చిప్పు దానికి ఎదురు చప్పుడు తయారుచేస్తుంది, స్పీకర్ దాన్ని మీ చెవిలోకి తోస్తుంది. రెండూ కలిసి సున్నా. కానీ తోసే వేళ తప్పితే? అటు వెళ్తున్న ఉయ్యాలని అటే తోస్తే? ఇంకా ఎక్కువ ఊగుతుంది.

ఇప్పుడు ఆ ఫ్యాన్ వినండి. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడకండి. ఆ గుయ్యి విన్నారా? మన కరెంటు 50 హెర్ట్జ్. మోటారు గుయ్యిమనేది దానికి రెట్టింపు, 100. అంటే సెకనుకి వంద ఊపులు. ఒక్కో ఊపుకి సెకనులో వందో వంతు టైము ఉంది. చిప్పుకి అది బోలెడు టైము. ఆ అల పొడవు ఎంతో తెలుసా? పదకొండు అడుగులు. మీ చెవి దగ్గర ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఆ అలకి లెక్కే లేదు. అదే ఎవరో "స్స్" అన్నారనుకోండి, ప్లేటు మీద చెంచా పడిందనుకోండి, అక్కడ సెకనుకి నాలుగైదు వేల ఊపులు. నాలుగు వేలంటే అల పొడవు మూడంగుళాల పైచిలుకు. చిప్పు విని, లెక్కవేసి, తోసేసరికి ఆ ఉయ్యాల అటు వెళ్ళి ఇటు వచ్చేసి ఉంటుంది. అందుకే ఇవి సుమారు వెయ్యి హెర్ట్జ్ లోపలి చప్పుళ్ళ మీదే బాగా పనిచేస్తాయి. పాతిక వేల రూపాయలది కూడా ఇదే పద్ధతి. ధర పెరిగితే గీత కొంచెం పైకి జరుగుతుంది, అంతే.

మరి మనిషి గొంతు? గొంతులో మగవాళ్ళ మోత 100, 150 దగ్గర ఉంటుంది. ఆడవాళ్ళది 200 పైన. ఆ మోత తగ్గుతుంది. కానీ మాట అర్థమయ్యేది మోతతో కాదు. స, ష, చ, త... ఈ హల్లులతో. అవి పైన, వేల హెర్ట్జ్‌లో ఉంటాయి. వాటిని ఎవరు ఆపాలి? చిప్పు ఆపలేదు. మీ చెవిని మూసిన కుషన్ ఆపాలి, చెవిలో దూరిన రబ్బరు టిప్పు ఆపాలి. అంటే మామూలు గోడ ఆపినట్టు ఆపాలి. అందుకే నేను అనేది, తక్కువ ధర సరుకులో ముందు చూడాల్సింది చిప్పు కాదు, కుషన్. మళ్ళీ చెప్తున్నా, కుషన్.

కథ చిన్నదొకటి చెప్పి ముందుకెళ్తాను. ఈ ఆలోచన కొత్తదేం కాదు. పాల్ ల్యూగ్ అనే జర్మన్ ఆయనకి 1936లోనే అమెరికాలో పేటెంట్ వచ్చింది, చప్పుడుని చప్పుడుతో కొట్టడం మీద. కాగితం మీద ఉంది కానీ అప్పట్లో చేసే సామాను లేదు. తర్వాత 1978లో అమర్ బోస్... బోస్ కంపెనీ బోస్ గారే, తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్ళినాయన... జ్యూరిక్ నుంచి విమానంలో ఇంటికి వెళ్తున్నారు. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. ఇంజిను మోతలో పాట ఏమీ వినపడలేదు. ఆ ప్రయాణంలోనే కాగితం తీసి లెక్కలు మొదలుపెట్టారంటారు. పైలట్లకి అమ్మే హెడ్‌సెట్ అయ్యేసరికి 1989. మనలాంటివాళ్ళు కొనుక్కునేది 2000లో వచ్చింది, 299 డాలర్లు, అప్పటి లెక్కలో పదమూడు వేల పైమాటే. గుర్తుపెట్టుకోండి, ఇది పుట్టిందే విమానం మోత కోసం. విమానం మోత అంటే ఆ ఫ్యాన్ మోతకి పెద్దన్న. రూమ్మేట్ కోసం పుట్టలేదు.

సరే, డబ్బా దగ్గరికి వద్దాం. డబ్బా మీద ఏముంటుంది? "40 డెసిబెల్స్ వరకు", "50 డెసిబెల్స్ వరకు". డెసిబెల్ అంటే చప్పుడుకి కొలత. ఈ "వరకు" అనే మాట చూసి నాకు దసరా చీరల కొట్టు గుర్తొస్తుంది. బోర్డు మీద గజం ఎత్తున 70 శాతం, కింద చీమంత అక్షరాల్లో "వరకు". లోపలికి వెళ్తే 70 శాతం తగ్గింపు దేని మీద? జేబురుమాళ్ళ మీద. పట్టుచీర మీద ఐదు. ఇదీ అంతే. ఎక్కడో ఒక్క మోత దగ్గర, లాబొరేటరీలో, బొమ్మ తలకి పెట్టి కొలిస్తే 40 వచ్చి ఉంటుంది. దానికి అటూ ఇటూ పదీ పదిహేనే రావచ్చు. పది డెసిబెల్స్ తగ్గితే మన చెవికి సుమారు సగం తగ్గినట్టు ఉంటుంది. పది కూడా తక్కువేమీ కాదు, కాదనను. కానీ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఇది 45, అది 50, కాబట్టి అది గొప్పది అనుకున్నారా, మీరు జేబురుమాళ్ళు చూసి చీర కొన్నట్టే.

ఇంకో మోసం. మోసం అనకూడదేమో, గడుసుతనం అందాం. ఏఎన్‌సీ, ఈఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా. ఏఎన్‌సీ అంటే మీ చెవికి వచ్చే చప్పుడు తగ్గించేది. ఈఎన్‌సీ అంటే మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళకి వెళ్ళే చప్పుడు తగ్గించేది. మీకు ఒక్క పిసరు కూడా తగ్గదు! నవ్వకండి, నేనే మోసపోయాను. ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని. మా అమ్మాయి పుట్టినరోజని ఆన్‌లైన్‌లో రాత్రి పదకొండింటికి కొన్నాను, సేల్ అయిపోతోందన్న కంగారులో. "నాయిస్ క్యాన్సిలేషన్" అని పెద్దక్షరాలు. పొద్దున డబ్బా విప్పి చూస్తే ఈఎన్‌సీ. మా అమ్మాయి ఏమందో తెలుసా? "నాన్నా, నీకు కళ్ళజోడు కొనిపెట్టనా?" అంది. డబ్బా మీద "నాలుగు మైకులు, ఆరు మైకులు" అని ఉన్నా పొంగిపోకండి. ఎన్ని మైకులు కాల్ కోసం, ఎన్ని చెవి కోసం అని అడగండి. బయట ఒక మైకు, లోపల చెవి వైపు ఒక మైకు, రెండూ చప్పుడు తగ్గించే పనికే ఉంటే హైబ్రిడ్ అంటారు. సాధారణంగా అది మేలు. ఎందుకంటే బయటి మైకుకి లోపల ఏం మిగిలిందో తెలియదు. లోపలి మైకు, "ఇదిగో ఇంకా ఇంత మిగిలింది" అని చెప్తుంది.

ఇప్పుడు పరీక్షలు. ఎవరైనా ఒకరు రండి ముందుకి. అమ్మా, నువ్వు రా. జుంకాలు ఉన్నాయి కదా, అందుకే పిలిచాను. తియ్యొద్దు, ఉంచుకో. ఇదిగో, ఇది చెవి మొత్తం కప్పే రకం, రెండు వేల లోపుది. పెట్టుకో. ఆన్ చెయ్యొద్దు. ఊరికే పెట్టుకో. ఫ్యాన్ వినపడుతోందా? వినపడుతుంది. ఇప్పుడు రెండు చేతులతో కప్పుల్ని మెల్లగా నొక్కు. ఇప్పుడు? తగ్గిందా? చూశారా, తల ఊపింది. నొక్కితే తగ్గిందంటే ఏంటి? నొక్కకముందు సందు ఉందన్నమాట. ఆ సందు ఎక్కడుంది? జుంకా దగ్గర. కుషన్ జుంకా మీద ఎక్కి కూర్చుంది, పక్కన వేలు దూరేంత సందు. ఇప్పుడు జుంకా తీసి చూడమ్మా. నొక్కినా తేడా లేదు కదా? అదీ. కళ్ళజోడు వాళ్ళకీ ఇదే బాధ. కళ్ళజోడు కాడ కుషన్ కింద నుంచి వెళ్తుంది, అక్కడ సందు. సన్న కాడ అయితే నయం, లావు ప్లాస్టిక్ కాడ అయితే ఇంక చెప్పక్కర్లేదు. ఇక్కడ సగం మంది కళ్ళజోళ్ళే కనపడుతున్నాయి నాకు. కాబట్టి కళ్ళజోడు పెట్టుకునే పరీక్షించండి. కొట్లో కళ్ళజోడు తీసి పెట్టుకుని "ఆహా" అని, ఇంటికొచ్చి కళ్ళజోడుతో పెట్టుకుని "అయ్యో" అనకండి. థాంక్యూ అమ్మా, కూర్చో. జుంకా జాగ్రత్త.

చెవిలో పెట్టుకునే బడ్స్‌కి కూడా ఇదే నొక్కుడు పరీక్ష. డబ్బాలో మూడు సైజుల టిప్పులు ఇస్తారు. ఎంతమంది మార్చి చూశారు? చేతులెత్తండి. మూడు... నాలుగు. నలభై మందిలో నలుగురు! మిగతావాళ్ళు మధ్య సైజుతోనే కాపురం చేస్తున్నారు. చాలామందికి కుడి చెవి రంధ్రం, ఎడమ చెవి రంధ్రం ఒక్కలా ఉండవు. ఒకవైపు మీడియం, ఒకవైపు పెద్దది పడితే అలాగే పెట్టుకోండి, ఎవరూ చూడరు. పాట పెట్టుకుని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారి పెరిగిందా? టిప్పు చిన్నది. పెరగలేదా? సరిపోయింది. అటుకులు నములుతూ కూడా చూడండి. దవడ కదిలినప్పుడల్లా సందు తెరుచుకుంటే పది నిమిషాల్లో జారిపోతుంది.

తర్వాత, పాట లేకుండా ఆన్ చేయండి. ఇది ముఖ్యం, పాట లేకుండా. కొట్లో ఏం చేస్తారు? ఆన్ చేసి, గట్టిగా పాట పెట్టి చెవికి తగిలిస్తారు. పాట పెడితే ఫ్యాన్ ఎందుకు వినపడుతుంది? పాట ఆపించండి. ఆన్, ఆఫ్. ఆన్, ఆఫ్. పదిసార్లు. ఒక్కో చెవికి విడివిడిగా వినండి. తక్కువ ధర సరుకులో ఎడమ ఒకలా, కుడి ఒకలా తగ్గిస్తుంది చాలాసార్లు. తల ఒకవైపుకి బరువెక్కినట్టు ఉందంటే అదే. అలాగే ఆన్ చేయగానే చెవులు మూసుకున్నట్టు, ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఉంటుంది చూడండి, అలా అనిపించవచ్చు. నిజంగా ఒత్తిడేమీ లేదు, కింది మోతలు ఒక్కసారి పోయేసరికి మెదడు అలా అనుకుంటుంది. కొందరికి రెండు రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి ఎప్పటికీ పడదు. పడకపోతే మీరు పిరికివాళ్ళేం కాదు, వాపసు ఇచ్చేయండి.

రాత్రి ఒంటిగంటకి ఇంకో పరీక్ష. ఫ్యాన్ ఆపి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆన్ చేయండి. సన్నగా "స్స్" మని వినపడుతుంది, దూరంగా ఎక్కడో దోసె పోసినట్టు. అది ఆ మైకుల సొంత రొద. అన్నిటికీ కాస్త ఉంటుంది. చదువుకునేటప్పుడు అది మీ దృష్టి లాగేస్తోందా లేదా, అంతే చూసుకోండి. చేత్తో కప్పు చుట్టూ గుప్పిట మూసి చూడండి, హెడ్‌ఫోన్ ఈల వేస్తే ఆ సరుకు ట్యూనింగ్ సరిగ్గా లేదని లెక్క. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా నిలబడి చూడండి, గాలి మైకులో కొట్టుకుని దడదడమంటే సిటీ బస్సు కిటికీ పక్కన అది పనికిరాదు.

పాట సంగతి కూడా. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టండి, కొత్తది వద్దు. మృదంగమో డప్పో ఉన్నది అయితే ఇంకా మంచిది. ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చేస్తూ వినండి. మంచిదాంట్లో పాట మారదు. నాసిరకంలో ఆన్ చేయగానే మృదంగం ఎడమ చేతి దెబ్బ ఉబ్బిపోయి కుడి చేతి పలుకుని మింగేస్తుంది, లేదా రెండూ పలచబడి పోతాయి. మీకు పాఠాలు వినడానికే అయితే లెక్చరర్ గొంతుతో చూడండి. మూడు గంటలు వినగలరా? అదీ ప్రశ్న.

ఇప్పుడు నా సొంత పరీక్ష. దీన్ని మాత్రం రాసుకోండి. మీ దగ్గర డెసిబెల్ మీటర్ లేదు, నా దగ్గరా లేదు. కానీ మీ ఫోన్లో వాల్యూమ్ మెట్లు ఉన్నాయి. బస్సులోనో మెట్రోలోనో ఎక్కండి. ఒక పాఠం పెట్టండి. ఏఎన్‌సీ ఆఫ్. మాటలు స్పష్టంగా అర్థమయ్యేవరకు వాల్యూమ్ పెంచండి. ఎన్ని మెట్లు? లెక్కపెట్టండి. పది అనుకుందాం. ఇప్పుడు ఏఎన్‌సీ ఆన్ చేసి, అదే పాఠం, అంతే స్పష్టంగా వినపడేవరకు తగ్గించండి. ఆరుకి వచ్చిందా? డబ్బులు దక్కాయి. తొమ్మిది దగ్గరే ఆగిందా? డబ్బా మీద ఎంత రాసుకున్నా సరే, వాపసు. ఎన్ని మెట్లు దిగగలిగారో అదే మీకు ఆ సరుకు ఇచ్చిన నాణ్యత. నేను రిపేరుకి వచ్చిన ప్రతిదాన్నీ కోఠి నుంచి ఇంటికెళ్ళే బస్సులో ఇలాగే చూస్తాను. కండక్టర్లకి నేను పిచ్చివాడిలా కనపడుతుంటాను, ఫర్వాలేదు.

మెట్లు ఎందుకంత ముఖ్యం అంటే, ఇది చెవుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే? వారానికి నాలుగు గంటలే. పది పెరిగితే టైము పదో వంతుకి పడిపోయింది. బస్సు మోతని దాటించడానికి మీరు పెంచే ఆ నాలుగు మెట్లు రోజూ మీ చెవుల ఖాతాలో పడుతున్నాయి. మీరు రోజుకి ఆరేసి గంటలు వింటున్నారు. ఆ లెక్క మీరే వేసుకోండి, పరీక్షల్లో క్వాంట్ లెక్కలు బాగా చేస్తారు కదా అందరూ.

నా బల్ల మీదకి ఏం వస్తాయో కూడా చెప్పాలి, అది ఎవరూ రివ్యూలో రాయరు. చప్పుడు తగ్గించడం పాడైందని వచ్చేవి తక్కువ. కప్పు దగ్గర మడత విరిగిందని వస్తాయి. ఛార్జింగ్ పిన్ను లూజైందని వస్తాయి. అన్నిటికంటే ఎక్కువ, కుషన్ పైతోలు రాలిపోయి. మన ఎండలకి, చెమటకి, తలనూనెకి ఆ రెక్సిన్ లాంటి తోలు ఏడాది దాటితే పొట్టు లేస్తుంది. చెవుల చుట్టూ నల్ల పొట్టు అంటుకుని వస్తారు, మసి పూసుకున్నట్టు. పొట్టు లేచిన కుషన్ సందులిస్తుంది, సందు ఉంటే ఏఎన్‌సీ పోయినట్టే. కాబట్టి కొనేటప్పుడే కుషన్ పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి, ఊడి వచ్చే రకమా, అంటించేసిన రకమా అని. ఊడి వచ్చేదైతే కొత్త జత వేసుకోవచ్చు. బడ్స్ మాత్రం, నిజం చెప్పాలంటే, మా చేతికి రావు. లోపల బ్యాటరీ శనగగింజంత. జిగురుతో మూసేస్తారు. రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. తర్వాత పారేయడమే. అందుకే గదిలో కూర్చుని చదువుకునేవాళ్ళకి నేను పెద్దవే చెప్తాను. బ్యాటరీ "60 గంటలు" అని ఉంటుంది చూడండి, అది చాలావరకు ఏఎన్‌సీ ఆఫ్‌లో, సగం వాల్యూమ్‌లో లెక్క. ఆన్‌లో ఎంత అని పక్కనే చిన్నగా ఉంటుంది, వెతకండి.

కొనే సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. వాపసు తీసుకునే వీలుంటేనే కొనండి, ఎందుకంటే ఈ పరీక్షలన్నీ కొట్లో అవ్వవు. బిల్లు, డబ్బా పారేయకండి. కొట్టేసిన ధర చూసి మురిసిపోకండి, 7,999 కొట్టేసి 1,799 అని ఉంటే ఆ సరుకు 1,799దే. రివ్యూల్లో మూడు నక్షత్రాలవి చదవండి. ఐదు నక్షత్రాలవాళ్ళు డబ్బా విప్పిన రోజే వేసేస్తారు, ఒక నక్షత్రం వాళ్ళు డెలివరీ అబ్బాయి మీద కోపంతో వేస్తారు. మూడు వేసినవాడు వాడి చూసి ఉంటాడు.

ఇప్పుడు కొట్టువాడు చెప్పకూడని మాట ఒకటి చెప్తాను. మందుల షాపులో నురగతో చేసిన ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. జత కొన్ని పదుల రూపాయలు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి లోపల పెట్టి అర నిమిషం పట్టుకుంటే అది ఉబ్బి మూసుకుంటుంది. రూమ్మేట్ మాటలు, చెంచాల చప్పుడు, పైనుండే ఆ చప్పుళ్ళన్నీ ఇది రెండు వేల హెడ్‌ఫోన్ కంటే బాగా తగ్గిస్తుంది. కాబట్టి మీ బాధ మాటలే అయితే, పాటలతో పాఠాలతో పని లేకుండా ఊరికే చదువుకోవడానికే అయితే, ముందు అది కొని వారం చూడండి. అప్పటికీ చాలకపోతే రండి. నాకేం నష్టం లేదు, నేను అమ్మేవాణ్ణి కాదు కదా, బాగుచేసేవాణ్ణి.

ప్రశ్నలు అడగండి. ఆ... పాత సెకండ్ హ్యాండ్ కొనొచ్చా అంటున్నారు. పెద్దవి కొనొచ్చు, కుషన్ కొత్తది దొరుకుతుందా చూసుకుని. బడ్స్ వద్దు, వేరేవాళ్ళ చెవి గులిమి మీకెందుకు. ఇంకా? బండి మీద పెట్టుకోవచ్చా? వద్దు బాబూ. రోడ్డు దాటేటప్పుడు కూడా వద్దు. వెనక వచ్చే లారీ మోత ఇది ముందు తీసేసే రకం మోత.

ఆ చివర కూర్చున్న తమ్ముడు ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తి ఉన్నాడు. చెప్పు. రూమ్మేట్ గురక. గురకకి పనికొస్తుందా అంటున్నావు. మంచి ప్రశ్న. గురకలో మోత కిందిదే, అంచేత కొంత తగ్గుతుంది. కానీ ఫ్యాన్ లాగా ఒకే తీరుగా ఉండదు కదా, ఆగి, ఎగిరి, ఈల వేసి, మళ్ళీ మొదలవుతుంది. ఆ ఈల ఆగదు. పైగా చెవిలో పెట్టుకుని పక్కకి తిరిగి పడుకుంటే నీ చెవే నొప్పి. ఇంతకీ ఆ గురక పెట్టే ఆయన కూడా ఇక్కడే ఉన్నాడా? ఉన్నాడా! లేవొద్దు బాబూ, కూర్చో, కూర్చో. పక్కకి తిరిగి పడుకోవాల్సింది నువ్వయ్యా. వెల్లకిలా పడుకోకు. రెండు రాత్రులు చూసి, మీ ఇద్దరూ కలిసి కొట్టుకి వచ్చి చెప్పండి.